గుర్తులక్క ఎదురు నడిచిన ఆదివారం

గుర్తులక్క మొట్టమొదట సాధించింది ఏమిటని ఎవరైనా అడిగితే చెప్పవలసింది ఒకటే. ఎక్కిన దారినే దిగి రావలసిన అడవిలో, ఎక్కిన దారిన దిగనక్కరలేకుండా చేసింది. అప్పటికి ఆమెకు ఇరవై తొమ్మిదేళ్ళు. చదువు ఐదో తరగతి. అటవీశాఖ నారుమళ్ళకు నీళ్ళు పోయడం ఉద్యోగం. ఆ రోజుల్లో గేటు నుంచి లోయ అంచు దాకా మూడు కిలోమీటర్ల బాట ఒక్కటే ఉండేది. ఎక్కేవాళ్ళూ దిగేవాళ్ళూ భుజాలు రాసుకుంటూ, పలకరించుకుంటూ పోతుంటే ఇక పిట్ట ఏ కొమ్మ మీద వాలుతుంది? వాగు పక్కనుంచి ఇంకో దారి తీస్తే గుండ్రంగా తిరిగి రావచ్చని ఆమె అంది. కొలిచే సామాను పట్టుకొని ముగ్గురు ఇంజనీర్లు వచ్చారు. వాగు అవతల నిలువుగా లేచిన రాతిగోడను చూశారు. కుదరదని కాగితం రాసిచ్చి పోయారు. ఆమె ఏడు నెలలపాటు సెలవురోజు అనేది లేకుండా ఆ గోడ చుట్టూ తిరిగింది. ఒక పొద్దున గోడ వెనకనుంచి కొమ్ములున్న జింక ఒకటి తాపీగా పైకి వచ్చింది. ఆ కొమ్ములు పట్టిన సందులో మనిషి పట్టడా అనుకుంది. పట్టాడు. ఆ సందులోంచే వాగు దారి లోయ అంచును కలిసింది. చుట్టుబాట మొత్తం తొమ్మిది కిలోమీటర్లు, మూడున్నర గంటల నడక.

ఆమె ఘనత అక్కడితో ఆగితే ఇంత చెప్పుకోవలసిన పని లేదు. లోయ అంచున కూలిన మానును కదిలించకుండా పడిన చోటనే చెక్కించి పదిమంది కూర్చునే బల్ల చేయించింది. పంతొమ్మిదేళ్ళుగా పిట్టల పుస్తకం రాస్తోంది. నూట ముప్పై ఏడు రకాలు అందులో ఎక్కాయి. వాటిలో అరవై ఒక్కటి గొంతు వినగానే పట్టేస్తుంది, కళ్ళతో పని లేదు. పైనుంచి ప్రశంసాపత్రం కూడా వచ్చింది. అందులో ఆమె పని బాట కాపరి అని ఉండవలసిన చోట 'తోటమాలి' అని పడింది. దిద్ది పంపమని మూడుసార్లు ఉత్తరం రాసింది. మూడోసారి 'ప్రధాన తోటమాలి' అని దిద్ది పంపారు. ఆమె రెండింటినీ పక్కపక్కనే గోడకు తగిలించింది, వచ్చేపోయేవాళ్ళు చూసి నవ్వుకోవాలని.

అన్నిటికన్నా గొప్ప పని గుర్తులు. ఆ పేరు వచ్చింది వాటివల్లే. చెట్టు బెరడు మీద అరచెయ్యి వెడల్పున, భుజమెత్తున, పసుపు రంగు పట్టీ. ఒక పట్టీ దగ్గర నిలబడితే తరవాతి పట్టీ కనిపించి తీరాలి. ఇది ఆమె పెట్టిన నియమం. అలా మూడువందల ఎనభై ఆరు చెట్లు. ఏటా వానలు వెలిసాక బ్రష్షు పట్టుకొని బయలుదేరి ఒక్కో పట్టీనీ మళ్ళీ దిద్దుతుంది.

గేటు దాటగానే బాట రెండుగా చీలుతుంది. కుడిచేతి వైపుది వాగు మీదుగా ఆరు కిలోమీటర్లు ఎక్కి లోయకు చేరుతుంది. ఎడమచేతి వైపుది పాత బాట, లోయ నుంచి మూడు కిలోమీటర్లు దిగి గేటుకు వస్తుంది. కుడివైపు ఎక్కాలి, ఎడమవైపు దిగాలి. బాట కలిసిన రోజునుంచి ఇరవై రెండేళ్ళుగా గుర్తులక్క అలాగే నడిచింది. మధ్యలో వెనక్కి తిరగడం ఆమెకు పరమ చిరాకు. ఒకసారి వాగు దగ్గర అన్నం డబ్బా మరిచిపోయి లోయ అంచున కూర్చున్నాక గుర్తొచ్చింది. అరగంట వెనక్కి నడిస్తే డబ్బా దొరుకుతుంది. ఆమె నడవలేదు. ఆకలితోనే ఎడమవైపు దిగి ఇంటికి పోయి, మర్నాడు మళ్ళీ కుడివైపునుంచి ఎక్కి డబ్బా తెచ్చుకుంది. వెనక్కి తిరిగే అవసరం లేకుండా ఏడు నెలలు కష్టపడి బాట వేసింది వెనక్కి తిరగడానికా అని అడిగింది.

ఇక జనం. జనం సంగతి వస్తే గుర్తులక్కకు మాట ఆగదు. గేటు దగ్గర బోర్డు మీద 'మధ్యస్థమైన నడక' అని రాసి ఉంటుంది. మధ్యస్థం అంటే ఎవరికి అని రోజూ ఎవరో ఒకరు అడుగుతారు. మోకాళ్ళు రెండూ ఉన్నవాళ్ళకు అంటుంది. కిలోమీటరు నడవగానే ఇంకా ఎంత దూరం అంటారు. పిట్టల్ని చూడాలని వచ్చి, చెట్టు కింద నిలబడి పిట్టలేవీ అని కేక పెడతారు. ఆ కేకకు ఉన్న నాలుగూ ఎగిరిపోతాయి. వడ్రంగిపిట్ట టకటకా కొడుతుంటే ఇక్కడ కూడా ఇల్లు కడుతున్నారా అని ఒకాయన విసుక్కున్నాడు. ఇవన్నీ సాయంత్రం ఇంటికి వచ్చి మొగుడికి అప్పజెబుతుంది. ఆయన దర్జీ. నోటి నిండా గుండుసూదులు పెట్టుకొని ఊఁ కొడతాడు. సూదులుండగా ఎదురు చెప్పలేడు కాబట్టి ఆ కాపురం ఇన్నాళ్ళూ సాఫీగా సాగిందని ఆమె చెల్లెలు అంటుంది.

ఆ ఏడు వేసవిలో కొత్త ఆఫీసరు వచ్చాడు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, వచ్చిన వారంలోనే బాటను తిరగేశాడు. ఇకనుంచి ఎడమవైపు ఎక్కి కుడివైపు దిగాలట. లోయ తొందరగా వస్తుంది, ఉదయపు వెలుగు వీపుమీద పడుతుంది, పిట్టలు గూళ్ళు విడిచే వేళకు అంచు దగ్గర ఉంటారు. అతను చెప్పిన ముక్కల్లో తప్పు ఒక్కటీ లేదు, అదే ఆమెకు మరీ మంట. బాణం గుర్తు తిప్పించి కొత్త పటాలు అచ్చు వేయించాడు. ఎంత చెప్పినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

అప్పటినుంచి జనం తప్పిపోవడం మొదలైంది. మొదట కొత్తగా పెళ్ళయిన జంట, తరవాత ఐదుగురు పంతుళ్ళు, ఆ తరవాత వరసగా ఇద్దరేసి, ముగ్గురేసి. లోయ దాకా అందరూ బాగానే వెళ్ళేవాళ్ళు. లోయ దాటాకే ఎక్కడో దారి తప్పి, గంటా రెండు గంటలు తిరిగి, గీరుకుపోయిన మోచేతులతో గేటుకు వచ్చేవాళ్ళు. ఎక్కడ తప్పారో వాళ్ళకే తెలియదు. గేటు దగ్గర తప్పిపోయినవాళ్ళ పుస్తకం ఒకటి ఉంటుంది. తేదీ, ఎందరు, కారణం. కారణం దగ్గర గుర్తులక్క రాసినవి ఇవి: మాటల్లో పడ్డారు. ఫోను చూస్తూ నడిచారు. చూపు ఆనదు. కళ్ళున్నాయి గానీ వాడరు.

ఇరవై రెండేళ్ళలో తొమ్మిదిమంది తప్పిపోయిన బాటలో ఐదు నెలల్లో ముప్పై ఒక్కరు తప్పిపోయారు. ఆఫీసరు ఆమెను పిలిచి, ఇంకొక్క గుంపు తప్పిపోయిందంటే వాగు దారి మూసేస్తానని, పాత మూడు కిలోమీటర్ల బాట ఒక్కటే ఉంచుతానని, ఆమెను మళ్ళీ నారుమళ్ళకు పంపుతానని చెప్పాడు. కోపంగా చెప్పలేదు, తల వంచుకొని చెప్పాడు. వచ్చే ఆదివారం పిట్టల సంఘం వాళ్ళు పన్నెండుమంది వస్తున్నారని, అందరూ పెద్దవాళ్ళని, వాళ్ళకేమైనా అయితే తన చేతిలో కూడా ఉండదని అన్నాడు.

ఆ సాయంత్రం ఇంట్లో ఆమె గిన్నెలు పెట్టే చప్పుడుకు పక్కింటివాళ్ళు తొంగి చూశారు. కళ్ళు లేని జనం, తలా తోకా లేని ఆఫీసరు, మధ్యలో తన బాట బలి అని ఆమె అంటుంటే దర్జీ సూదులు ఒక్కొక్కటే తీసి కుషనులో గుచ్చాడు. నోరు ఖాళీ చేసుకున్నాడంటేనే ఏదో అనబోతున్నాడని అర్థం.

"చొక్కా ఎలా కుట్టారో చూడాలంటే ఏం చెయ్యాలి?" అన్నాడు.

"నా బాట గురించి చెబుతుంటే మీ చొక్కాలేమిటి?"

"తిరగేసి చూడాలి. ఆ బాటను నువ్వు ఎప్పుడైనా తిరగేసి నడిచావా?"

"నేను వేసిన బాట నాకు తెలియదా? ప్రతి రాయీ నన్ను పలకరిస్తుంది."

"పలకరిస్తుంది, నిజమే. ఎదురొస్తే గుర్తుపడుతుందా అంటున్నా." ఆయన మళ్ళీ సూదులు నోట్లో పెట్టుకోబోతూ ఆగాడు. "గురివింద గింజను చూశావుగా. ముందంతా ఎరుపే."

ఆమె రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

ఆదివారం వచ్చింది. సంఘం పెద్ద రిటైరైన పోస్టుమాస్టరు. మెడలో దుర్భిణి, చేతిలో కర్ర, కర్రకు రబ్బరు బూటు. మాట తక్కువ మనిషి. గుర్తులక్క వాళ్ళ వెంట బయలుదేరింది, దారి చూపడానికి కాదు, వెనక నడుస్తూ ఎవరి కళ్ళు ఎక్కడ పనిచేయడం మానేస్తాయో స్వయంగా పట్టుకోవడానికి. పటం చూస్తూ పోస్టుమాస్టరు ముందు నడిచాడు. ఎడమవైపు ఎక్కారు. పాత బాట వెడల్పుగా ఉంటుంది, తప్పడానికి వీల్లేదు. లోయ అంచుకు చేరేసరికి మంచు కింద ఇంకా కదులుతోంది. దాని మీద డేగ ఒకటి రెక్క ఆడించకుండా గుండ్రంగా తిరుగుతోంది. మంచు చీలిన చోట అడుగున ఏరు, ఏటి పక్కన గోరంత పొలాలు. మానుబల్ల మీద పన్నెండుమందీ సర్దుకొని కూర్చొని పావుగంట ఒక్క మాట మాట్లాడలేదు. గుర్తులక్కకు ముచ్చటేసింది. వచ్చేవాళ్ళంతా ఇలాంటివాళ్ళయితే ఎంత బాగుండును అనుకుంది. ఉదయపు వెలుగు గురించి ఆఫీసరు చెప్పింది నిజమేనని కూడా తోచింది గానీ, ఆ మాట పైకి అనలేదు.

అక్కడినుంచి దిగడం మొదలుపెట్టాక వాళ్ళు ప్రతి పొద దగ్గరా ఆగారు. పికిలిపిట్ట కనిపిస్తే పది నిమిషాలు. వడ్రంగిపిట్ట తొలిచిన తొర్ర కనిపిస్తే పావుగంట. చీకటి పడేలోగా గేటుకు చేరాలి కదా అన్న చిరాకుతో ఆమె అందరినీ దాటుకొని ముందుకు వచ్చి, నా వెంట రండి అంది. వచ్చారు. తెలిసిన అడవి. కాళ్ళకు కళ్ళు ఉన్నట్టు నడిచింది. ఒక పెద్ద బండ పక్కనుంచి దారి తిన్నగా, చదునుగా సాగింది. నడక సుఖంగా ఉంది. ముప్పావుగంట గడిచింది. ఈపాటికి వాగు చప్పుడు వినిపించాలి. వినిపించలేదు. దారి ఒక పాడుబడిన రాతిగుంట దగ్గర ఆగిపోయింది.

పోస్టుమాస్టరు చుట్టూ చూసి నెమ్మదిగా అడిగాడు. "అమ్మా, ఇక్కడ చెట్ల మీద పసుపు పట్టీలు లేవేమిటి?"

ఈ చోటు ఆమెకు తెలుసు. ఎప్పుడో కలప లారీల కోసం కోసిన దారి ఇది. ఇది ఇక్కడ ఉందని తెలుసు. తను ఇందులోకి ఎలా వచ్చిందో తెలియదు. తన బాటలో తను తప్పిపోయింది. ఒంటరిగానూ కాదు, పన్నెండుమందిని వెంటేసుకొని.

వెనకనుంచి ఎవరో గుసగుసగా, కదలకండి అన్నారు. రాతిగుంట గోడ నెర్రెలో రెండు గుడ్లగూబలు పక్కపక్కన కూర్చొని, ఇంతమందిని ఒక్కసారి చూసిన అసహ్యంతో కళ్ళు సగం మూశాయి. మామూలువి కావు. చెవుల దగ్గర కుచ్చులున్న పెద్ద రకం. ఆమె పిట్టల పుస్తకంలో ఆ పేరు లేదు. సంఘం వాళ్ళ ఆనందం ఇంతా అంతా కాదు. ఒకావిడ గుర్తులక్క చెయ్యి పట్టుకొని, మాకోసం ఇంత దూరం చుట్టు తిప్పి తీసుకొచ్చావా తల్లీ అంది. పొగుడుతుంటే ఒళ్ళు మండటం ఆమెకు అదే మొదటిసారి.

తిరుగుముఖం పట్టారు. ఎన్నో ఏళ్ళ తరవాత గుర్తులక్క వచ్చిన దారినే వెనక్కి నడిచింది, ప్రతి అడుగూ పళ్ళు కొరుకుతూ. పెద్ద బండ దగ్గరికి వచ్చి తల ఎత్తింది. ఎదురుగా ఏటవాలు మీద లోయ అంచు వైపు వరసగా పసుపు పట్టీలు. ఏడెనిమిది చెట్లు, ఒకదాని వెనక ఒకటి, దీపాలు పెట్టినట్టు. ఇందాక ఆ చెట్ల మధ్యనుంచే దిగింది. ఒక్కటి కూడా కనిపించలేదు. ఎలా కనిపిస్తుంది? కిందినుంచి ఎక్కేవాడికి కనబడేట్టు పట్టీలన్నీ కిందివైపే వేసింది. పైనుంచి దిగేవాడికి ఉత్త బెరడే. పైగా ఆమె బాట ఇక్కడ బండ వెనకకు చటుక్కున మలుపు తిరుగుతుంది. ఎక్కేటప్పుడు లారీదారి భుజం వెనకనుంచి, బండ చాటునుంచి వచ్చి కలుస్తుంది కాబట్టి అసలు కంటపడదు. దిగేవాడికి లారీదారే అసలు బాటలా తిన్నగా పిలుస్తుంది. ఆ మలుపును ఇరవై రెండేళ్ళలో ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూసుకోలేదు.

ఆమె బండను ఆనుకొని నిలబడింది. ముప్పై ఒక్కరు. కళ్ళున్నాయి గానీ వాడరు అని ఆ చేత్తోనే రాసింది. ఇంటికి పోతే దర్జీ ముఖం చూడాలి. అది తలుచుకుంటే ఇంకా మంట.

గేటుకు వచ్చేసరికి పొద్దు వాలింది. అనుకున్న వేళకన్నా రెండు గంటలు ఆలస్యం. ఆఫీసరు కుర్చీలో కూర్చోలేక గేటు దగ్గరే అటూ ఇటూ తిరుగుతున్నాడు. పన్నెండుమందినీ లెక్కపెట్టుకొని ఊపిరి పీల్చుకొని, ఏమైందని అడిగాడు. గుర్తులక్క నోరు తెరిచేలోగా పోస్టుమాస్టరు అందుకున్నాడు. ఆవిడ మమ్మల్ని గుడ్లగూబల దగ్గరికి ప్రత్యేకంగా తీసుకెళ్ళింది, అందుకే ఆలస్యం అన్నాడు. అబద్ధం ఆడలేదు ఆయన. అలాగే అనుకున్నాడు. మిగతావాళ్ళంతా తలలూపారు. ఆఫీసరు ముఖం విప్పారింది. అయితే ఎవరూ తప్పిపోలేదన్నమాట, బాట నిలిచిందన్నమాట అన్నాడు.

నిజమే. నోరు మూసుకుంటే బాట నిలుస్తుంది. నారుమళ్ళు తప్పుతాయి. పై ఆదివారం ఇంకెవరో దిగుతారు, బండ దగ్గర దారి తిన్నగా పిలుస్తుంది, వాళ్ళు వెళతారు. అక్కడ గుడ్లగూబలు ఉంటాయో లేదో గానీ, వాన వెలిసిన రాతిగుంట అంచు మాత్రం జారుతూ ఉంటుంది.

ఆమె తప్పిపోయినవాళ్ళ పుస్తకం తీసింది. తేదీ వేసింది, నవంబరు 7. ఎందరు అన్నచోట పదమూడు అని రాసింది. ఆఫీసరు పన్నెండు కదా అన్నాడు.

"నేనూ ఉన్నాను సార్," అంది. కారణం అన్నచోట తీరిగ్గా రాసింది: గుర్తులు ఒకవైపే ఉన్నాయి. వేసింది నేను. పైనున్న కారణాలన్నీ కొట్టివేయవలెను. తరవాత నిజంగానే వాటిని ఒక్కొక్కటిగా కొట్టేసింది, కాగితం చిరిగేంత గట్టిగా.

ఆఫీసరు చదివి పుస్తకం మూశాడు. ఇంకొక్క గుంపు తప్పిపోతే ఏమన్నానో గుర్తుందా అక్కా అన్నాడు. గుర్తుంది, మూసేయండి అంది ఆమె. మూసేయక తప్పదు కూడా, రంగు తడిగా ఉండగా జనం వచ్చి భుజాలకు పూసుకుంటారు. మూడువందల ఎనభై ఆరు చెట్లకు రెండోవైపు పట్టీలు వేస్తుంది. బండ దగ్గర రెండు వేస్తుంది, లారీదారికి అడ్డంగా మొద్దు పడేయిస్తుంది. అంతా అయ్యాక పటం లేకుండా ఆఫీసరే ముందు నడవాలి, ఆమె వెనక ఒక్క మాట మాట్లాడకుండా వస్తుంది. అతను తప్పిపోతే ఆమె నారుమళ్ళకు పోతుంది. తప్పిపోకపోతే బాట తెరవాలి, రెండు వైపులనుంచీ.

"నేను కూడా కళ్ళు వాడను అని రాశారా అక్కడ?" అన్నాడు అతను.

"మీ పేరున రాయలేదు. మనసులో అనుకున్నాను."

అతను నవ్వి, సరేనన్నాడు.

ఇంట్లో దర్జీ ఆ మాట ఎత్తలేదు. ఆమె అన్నం వడ్డిస్తూ, ఏదో ఒకటి అనేస్తే పోతుంది కదా, ఈ కాచుకోవడం భరించలేకుండా ఉన్నా అంది. ఆయన తిని లేచి, పాత గుడారం గుడ్డతో బ్రష్షులకు సంచి ఒకటి కుట్టాడు. పొద్దున ఆమెకు అందిస్తూ, కుట్టు చూసుకో అన్నాడు. ఆమె అక్కడే నిలబడి సంచిని తిరగేసి చూసింది. ఒక దారం పోగు వేలాడుతోంది. పంటితో కొరికేసి, పర్వాలేదు అంది.

సోమవారం, ఎనిమిదో తేదీ, రెండు డబ్బాల పసుపు రంగుతో లోయ అంచున ఉన్న కాపలా గుడిసెకు బయలుదేరింది. అక్కడే మకాం పెట్టి రోజుకు ముప్పై అయిదు చెట్ల చొప్పున పదకొండు రోజులు, మిగిలిన ఒక్క చెట్టు పన్నెండో రోజు పొద్దున. గేటు దగ్గర కట్టే బోర్డు మీద ఆఫీసరు 'మరమ్మతుల నిమిత్తం' అని రాయించబోతే, నిమిత్తం ఎవరికి అర్థమవుతుంది, ఎప్పుడు తెరుస్తారో అది రాయండి అని కసిరింది. అందుకని ఇప్పుడు అక్కడ ఇంతే ఉంది: బాట మూసి ఉన్నది. గుర్తులక్క నవంబరు 19, శుక్రవారం మధ్యాహ్నానికి తిరిగి వస్తుంది.